పెరట్లో ఊటతో కాపురం

2021 సెప్టెంబరు 26 రాత్రి గులాబ్ తుపాను కళింగపట్నం దగ్గర తీరం దాటింది. మర్నాడంతా మా వైపు కుండపోత. వాన తెరిపి ఇచ్చిన మూడో రోజు పొద్దున్న పెరట్లో అరటి మొక్క పక్కన కాలు పెడితే చెప్పు బురదలో ఇరుక్కుపోయింది. వంగి లాగాను. చెప్పు లేచిన గుంటలో నీళ్లు నిండాయి. దోసిలితో తోడి పోశాను. మళ్లీ నిండాయి. అడుగున ఇసుక రేణువులు ఎసట్లో బియ్యం గింజల్లా గిరగిరా తిరుగుతున్నాయి.

మాది విజయనగరం జిల్లా శృంగవరపుకోట మండలంలో కొండ కింద ఊరు. కిరండూల్ నుంచి ఇనుప ఖనిజం మోసుకొచ్చే రైలు రాత్రిపూట ఘాట్ దిగుతుంటే మా కిటికీ రెక్కలు సన్నగా వణుకుతాయి. ముప్పై ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పి, రిటైరయ్యాక వచ్చిన డబ్బుతో ఎనిమిది సెంట్లలో ఇల్లు కట్టుకున్నాం. స్థలం వాలుగా ఉంటే వెనకవైపు ఐదడుగుల మేర కొండను జేసీబీతో కోయించి చదును చేయించాం. ఊటను పిలిచి పీట వేసింది మేమేనని అప్పుడు తెలియదు.

ఆ తర్వాత ఈ చుట్టుపక్కల కొండవారన ఇళ్లు కట్టుకున్నవాళ్లు చాలామంది ఇదే సంగతి అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ ఫోనులో చెప్పే ఓపిక లేక ఇలా రాసి పెడుతున్నాను. చదివే తీరిక లేనివాళ్లకు ముందే చెబుతున్నాను: ఊటను మూయకండి. దానికి దారి ఇవ్వండి. మిగిలినదంతా ఆ దారి ఎలా ఇవ్వాలన్నదే.

ముందు అది ఊట అవునా కాదా

పెరట్లో తడి కనిపించగానే గంగమ్మ వెలిసిందని పసుపు కుంకుమలు తెచ్చేస్తారు. మా ఇంటికీ తెచ్చారు. నేనూ దండం పెట్టుకున్నాను. ఆ తర్వాత మరుగుదొడ్డిలో రంగు కలిపాను. మిఠాయిల్లో వేసే ఎర్రరంగు ఒక పొట్లం కొని, బకెట్టు నీళ్లలో కలిపి మరుగుదొడ్లో పోసి, రెండు మూడు రోజులు ఆ తడిని గమనించండి. ఎరుపు కనిపిస్తే అది గంగమ్మ కాదు, మీ సెప్టిక్ ట్యాంకు. మీ పైన ఇల్లు ఉంటే వాళ్లను బతిమాలి వాళ్ల మరుగుదొడ్లో కూడా పోయించండి. రంగు రాకపోయినంత మాత్రాన పూర్తిగా నిశ్చింతగా ఉండకూడదు, మట్టి కొంత రంగును పీల్చేసుకుంటుంది. వాసన, నల్లటి జిగురు కూడా చూసుకోవాలి.

రెండోది కుళాయి పైపు. రాత్రి పడుకునే ముందు ట్యాంకు దగ్గర వాల్వు కట్టేసి, ట్యాంకులో నీటిమట్టం దగ్గర బొగ్గుతో గీత గీయండి. వీధి నుంచి మీ ఇంటికి వచ్చే పంచాయతీ గొట్టాన్ని కూడా కట్టేయాలి. తెల్లారేసరికి తడి తగ్గితే పైపు కారుతున్నట్టు. మూడోది పంట కాలువ. పైన కాలువ పారుతుంటే దాని గట్టు నుంచి ఊరే నీళ్లు కూడా ఊటలాగే కనిపిస్తాయి. కాలువ కట్టేసిన నెలలో పెరడు ఎండిపోయిందా చూసుకుంటే తేలిపోతుంది.

ఈ పరీక్షలన్నిటికంటే నాకు నచ్చింది చేయి పెట్టి చూడటం. భూమి లోపలి నీటికి చలీ ఎండా పెద్దగా అంటవు. సంక్రాంతి ముందు తెల్లవారుజామున తొట్టిలో నీళ్లు వేళ్లు కొరికేస్తుంటే ఊట నీళ్లు గోరువెచ్చగా ఉంటాయి. మే నెల మధ్యాహ్నం అవే నీళ్లు చల్లగా తగులుతాయి. నీళ్లు మారవు, మన ఒళ్లే మారుతుంది.

నీటి మీద నూనె తెట్టులాంటి పొర, చుట్టూ నారింజ రంగు జిగురు కనిపిస్తే కంగారు పడకండి. పుల్లతో ఆ పొరను పొడవండి. పగిలిన పెంకుల్లా ముక్కలై అలాగే విడిపోతే అది ఇనుము తిని బతికే సూక్ష్మజీవుల పని. మళ్లీ కలిసిపోయి రంగులు తిరిగితే అది నిజంగా నూనె. మాకు ముక్కలైంది.

నేను చేసిన తప్పు

ఇల్లు కట్టిన మేస్త్రికి చూపించాను. "దీనికి ఇంత ఆలోచన ఎందుకు టీచరమ్మా, రెండు బస్తాల సిమెంటు పోసి నొక్కేద్దాం" అన్నాడు. నాకూ అదే సుఖంగా తోచింది. ఊట ఉన్నచోట రాళ్లు వేసి కాంక్రీటు పోశాడు. పైన గచ్చు కూడా నునుపుగా తీశాడు. పది రోజులు పెరడు పొడిగా ఉంది. పదకొండో రోజు వంటింట్లో గ్యాసు బండ కింద పలక రాళ్ల మధ్య సన్నగా చెమ్మ. ఆ పై వారానికి గోడకు రెండడుగుల ఎత్తున సున్నం పొరలు పొరలుగా రాలడం మొదలైంది. బియ్యం డబ్బా ఎత్తితే అడుగున తుప్పు వలయం.

తప్పు మేస్త్రిది ఒక్కడిదే కాదు. నీరు పల్లమెరుగు అని పిల్లలకు సామెత రాయించినదాన్ని, ఆ సామెతలో ఉన్న లెక్క నాకు తట్టలేదు. వెనక కొండలో నిండిన నీళ్లు ఎత్తు నుంచి నెడుతున్నాయి. నీళ్లు ఊరే ఒక కన్ను మూస్తే ఒత్తిడి పోదు, ఇంకో మెత్తటి చోటు వెతుక్కుంటుంది. మా ఇంట్లో ఆ మెత్తటి చోటు పునాది కింద పూడ్చిన మట్టి.

మన కొండల్లో ఎక్కువ భాగం ఖొండలైట్ అనే రాయి. ఈ కొండల్లో ఉండే ఖోందు గిరిజనుల పేరే దానికి పెట్టారు. ఏళ్ల తరబడి ఎండకు, వానకు అది ఎర్రబారి, చిట్లి, చేత్తో నలిపితే పొడి అయ్యేంత మెత్తబడుతుంది. ఆ మెత్తటి పొర వాన నీటిని స్పంజిలా పీల్చుకుంటుంది. కింద ఇంకా చెక్కుచెదరని రాయి తగిలేసరికి నీళ్లు లోపలికి దిగలేక ఆ రాయి వీపు మీదుగా పక్కకు జారుతాయి. వాలు ఎక్కడ తెగితే అక్కడ బయటపడతాయి. ఇల్లు కట్టడానికి మనం కోసిన చోటు సరిగ్గా ఆ తెగిన చోటే అవుతుంది. తుపాను పోయిన మూడో రోజు ఊట పుట్టడానికీ, వానలు ఆగిపోయాక కూడా నెలల తరబడి అది పారడానికీ ఇదే కారణం. స్పంజి పిండినట్టు, పైన కురిసింది మెల్లగా కిందికి వస్తుంది.

పోసిన కాంక్రీటు పగలగొట్టించడానికి పోయించినదానికంటే రెట్టింపు ఖర్చయింది. పగలగొట్టిన నాలుగో రోజు వంటింటి చెమ్మ వెనక్కి తగ్గింది.

బకెట్టు, గడియారం

ఏ పనికైనా ముందు నీళ్లు ఎన్నో తెలియాలి. ఊట దగ్గర మట్టితో చిన్న కట్ట కట్టి, దాంట్లోంచి ఒక పైపు ముక్క బయటికి పెట్టి, కింద 15 లీటర్ల బకెట్టు పెట్టండి. నిండడానికి ఎన్ని సెకన్లు పడుతుందో ఫోనులో చూడండి. మూడుసార్లు చేసి సగటు తీయండి. (పదో తరగతి పిల్లలకు ఇంతకంటే మంచి లెక్క నేనెప్పుడూ ఇవ్వలేదు.)

నా నోటు పుస్తకంలో ఇలా ఉంది. 2021 అక్టోబరు మొదటి వారం: 40 సెకన్లు. అంటే నిమిషానికి 22 లీటర్ల పైన, రోజుకు 32,400 లీటర్లు. జనవరి: 75 సెకన్లు, రోజుకు 17,280. మే మూడో వారం: 4 నిమిషాలు, రోజుకు 5,400. చూడటానికి వేలు మందాన కారే నీళ్లు రోజు లెక్కలో ఎంత అవుతాయో చూడండి. మా ఇంట్లో నలుగురం, అన్నిటికీ కలిపి రోజుకు ఆరు వందల లీటర్లు వాడితే గొప్ప.

ఈ రెండు కొసలూ రెండు రకాలుగా పనికొస్తాయి. బయటికి పంపే పైపు ఎంత ఉండాలో అక్టోబరు అంకె చెబుతుంది. వాడుకోవడానికి ఎన్ని నీళ్లు నమ్మవచ్చో మే అంకె చెబుతుంది. అక్టోబరు ఊటను చూసి మురిసిపోయి మోటారు, డ్రమ్ములు, బిందు సేద్యం కొన్నవాళ్లను ఎరుగుదును. ఒక్క ఏడాదైనా కొలవకుండా శాశ్వతమైనదేదీ కట్టకండి. కొలతతో పాటు నీటి రంగు కూడా రాయండి. ఎప్పుడూ తేటగా వచ్చే నీళ్లు వాన లేని రోజున ఉన్నట్టుండి ఎర్రటి బురదగా వస్తే లోపల మట్టి కొట్టుకుపోతున్నట్టు. దాంతో పాటు కొండవైపు నేల బీటలు వారినా, చెట్లు గానీ కరెంటు స్తంభం గానీ పక్కకు ఒరిగినా, ఆ రాత్రి ఆ ఇంట్లో పడుకోవద్దు. గ్రామ సచివాలయానికి కబురు చేసి బంధువుల ఇంటికి వెళ్లిపోండి.

కందకం

ఇంటిని కాపాడేది ఇదే కాబట్టి దీని మీద ఎక్కువ రాస్తాను. కొండ నుంచి వచ్చే నీటిని ఇంటి గోడకు చేరకముందే అడ్డంగా పట్టుకుని, పైపులో వేసి, ఇంటి పక్క నుంచి కిందికి పంపాలి. తవ్వకం ఏప్రిల్, మే నెలల్లోనే. తడి మట్టిలో నాలుగైదు అడుగుల కందకం కూలితే మనిషి ప్రాణం పోతుంది. ఒక్క మనిషిని దించి పని చేయించకండి, పక్కలకు చెక్కలు, అడ్డ కర్రలు పెట్టించండి, తవ్విన మట్టిని అంచు మీద పోయనివ్వకండి.

ఎంత దూరంలో తవ్వాలి? మీ పునాది అడుగు అంచు నుంచి కందకం వైపు 45 డిగ్రీల వాలులో కిందికి ఒక గీత ఊహించుకోండి. కందకం అడుగు ఆ గీత కిందికి పోకూడదు, పోతే పునాది కింది మట్టినే కదిపినట్టు. మా పునాది నాలుగడుగుల లోతు. వెనక గోడకు పదడుగుల దూరంలో ఐదడుగుల లోతున తవ్వించాం. అంటే గీతకు చాలా పైనే ఉన్నాం. వెడల్పు అడుగున్నర. పొడవు అరవై అడుగులు.

వాలు వంద అడుగులకు కనీసం ఒక అడుగు. మా అరవై అడుగులకు ఏడంగుళాలు పైన ఉండాలి. మేస్త్రులు గోడలకు వాడే నీళ్ల ట్యూబుతోనే ఇది చూడవచ్చు, వేరే పరికరం అక్కర్లేదు. రెండు కొసలా ఒక్కో గెడ పాతి, ట్యూబులో నీటి మట్టానికి గుర్తు పెట్టి, అక్కడి నుంచి కందకం అడుగుకు టేపుతో కొలవండి. దిగువ కొసన ఏడంగుళాలు ఎక్కువ రావాలి. కంటి అంచనా మీద వదలకండి. కొండ వాలు పక్కన నిలబడితే కన్ను మోసం చేస్తుంది, ఎదురు వాలు కూడా పల్లంలా కనిపిస్తుంది.

ఇక సామాను. కంకర తెమ్మంటే కంకర అనే చెప్పండి, గ్రావెల్ అని చెప్పకండి. మా మేనల్లుడు ఎక్కడో చదివి ట్రాక్టరు వాడికి గ్రావెల్ అని చెప్పాడు. సాయంత్రానికి రోడ్లకు వేసే ఎర్రమట్టి గ్రావెల్ రెండు లోడ్లు వచ్చి గేటు ముందు పడింది. మనకు కావలసింది మట్టి లేని 20 మి.మీ. నల్లకంకర. వచ్చాక కూడా దాన్ని గంపలో వేసి ఒకసారి కడిగించండి. ఆ కంకర పొడి సగం నీటి దారిని మూసేస్తుంది.

పైపు 110 మి.మీ. పీవీసీ. దానికి ఆరేసి అంగుళాలకు ఒకటి చొప్పున రెండు వరసల్లో 10 మి.మీ. రంధ్రాలు వేయించాలి. ఇప్పుడు అసలు తగువు. మా మేస్త్రి రంధ్రాలు పైకి వచ్చేలా పైపు పరిచాడు. "నీళ్లు పై నుంచి కదా పడతాయి టీచరమ్మా" అన్నాడు. "పై నుంచి కాదు బాబూ, కందకం అడుగు నుంచి లేస్తాయి. రంధ్రాలు పైన పెడితే పైపు మునిగేదాకా ఒక్క చుక్క లోపలికి పోదు. అప్పటిదాకా ఆ నీళ్లు ఎటు పోతాయి?" అన్నాను. అతను ఇంటి వైపు చూశాడు. పైపు తిప్పేశాడు. గడియారం ముల్లు నాలుగు మీద, ఎనిమిది మీద ఉన్నట్టు రంధ్రాలు కింది పక్కలకు ఉండాలి.

పరిచే వరస ఇది: ముందు కందకం అడుగునా పక్కలా జియోటెక్స్‌టైల్ గుడ్డ, దాని మీద మూడంగుళాల కంకర, దాని మీద పైపు, మళ్లీ కంకర నేలమట్టానికి అడుగు దిగువ వరకు, గుడ్డ అంచులు పైన దుప్పటిలా మడిచి, ఆపైన మట్టి. గుడ్డ పని మట్టిని ఆపి నీళ్లను వదలడం. టార్పాలిన్, యూరియా సంచుల పట్టా అందుకు పనికిరావు. పైపు ఎగువ కొసన మోచేయి వంపు పెట్టి నేల మీదికి తెచ్చి మూత పెట్టండి. ఏడాదికోసారి దాంట్లో గొట్టం పెట్టి నీళ్లు కొట్టి కడగడానికి అది ఉండాలి. డాబా మీది వాన నీళ్లను మాత్రం ఈ పైపులో కలపకండి, గట్టి వానకు అవి వెనక్కి తన్ని కంకరలోకి ఊరుతాయి.

కందకం దగ్గర కొబ్బరి ఉంచకూడదని మాకు ఎవరూ చెప్పలేదు. రెండో ఏడాది పైపు నీళ్లు సగానికి సగం పడిపోతే, దిగువ కొసలో ఇనుప తీగ కొక్కెం పెట్టి లాగాం. నాలుగడుగుల ఎర్రటి వేళ్ల కుచ్చు సవరంలా బయటికి వచ్చింది. పదడుగుల లోపు చెట్లేవీ వద్దు. వాలు మీద వట్టివేళ్ల గడ్డి వేయండి, మట్టిని పట్టుకుంటుంది. తడి చోట చేమ బాగా పెరుగుతుంది. మామిడికి మాత్రం ఎప్పుడూ తడిసి ఉండే నేల పడదు.

కోసిన కొండవారన గోడ కట్టినవాళ్లు ఒకటి చూసుకోవాలి. గోడలో మూడంగుళాల గొట్టాలు ఐదేసి అడుగులకు ఒకటి చొప్పున, వెనక కంకర పోసి, బయటికి వాలుగా వదలాలి. అవి లేని గోడ నీటి ఆనకట్ట అవుతుంది. ఆనకట్టలా కట్టలేదు కాబట్టి ఏదో ఒక వానకు కడుపు ముందుకు వస్తుంది.

ఊట కన్నుకు గది

కందకం వేశాక కూడా మాకు ఊట ఒకేచోట గట్టిగా వచ్చింది. దాన్ని వాడుకుందామని చిన్న గది కట్టించాం. బురదను జాగ్రత్తగా వెనక్కి, కొండవైపు తవ్వుతూ పోతే రాతి సందులోంచి నీళ్లు వచ్చే చోటు కనిపిస్తుంది. అదే ఊట కన్ను. అక్కడ గునపం వాడకండి, చేత్తోనో చిన్న పారతోనో తీయండి. కన్ను కదిలితే ఊట పక్కకు తప్పుకుంటుంది.

కన్ను ముందు కడిగిన గుండ్రాళ్లు పేర్చి, మూడు వైపులా గోడ, కొండవైపు ఖాళీ. లోపలి కొలత మూడడుగులు, మూడడుగులు, మూడడుగులు. 27 ఘనపుటడుగులు, సుమారు 760 లీటర్లు. గోడల బయట బంకమట్టి దట్టించాలి, లేకపోతే నీళ్లు పక్క నుంచి తప్పించుకుంటాయి. పైన జారే కాంక్రీటు పలక, బల్లి కూడా దూరకుండా. అడుగున కడగడానికి ఒక గొట్టం, దానికి వాల్వు. అడుగుకు అరడుగు పైన ఇంటికి వెళ్లే పైపు.

అన్నిటికంటే ముఖ్యం పొర్లు గొట్టం, అంటే గదిలో ఎక్కువైన నీళ్లు బయటికి పొర్లిపోయే గొట్టం. అది తప్పకుండా ఊట కన్ను కంటే దిగువనే ఉండాలి. దానికి వాల్వు పెట్టకూడదు. గదిలో నీటిమట్టం కన్ను దాటి పైకి లేచిందంటే మనం మళ్లీ కాంక్రీటు పోసినట్టే, ఆ బరువు వెనక్కి నెట్టి ఊటను ఇంకో దారి పట్టిస్తుంది. ఎక్కువ నీళ్లు నిలవ చేసుకుందామని ఈ గొట్టాన్ని ఎత్తు మీద పెట్టిన ఒక ఇంట్లో మరుసటి వానాకాలానికి ఊట పక్కింటి పశువుల పాకలో లేచింది. నిలవ కావాలంటే దిగువన వేరే తొట్టి కట్టుకోండి.

గొట్టం మూతికి సన్నటి జాలీ కట్టండి. గది పైభాగాన, కొండవైపు ఎనిమిది పది మీటర్ల పైన, వాన నీటిని పక్కకు మళ్లించే చిన్న కాలువ తీయండి. ఎగువ 30 మీటర్లలోపు మరుగుదొడ్డి గొయ్యి, పెంటకుప్ప, పశువుల కట్టు ఉండకూడదు. మా పైన ఒక పాక ఉండేది. పాక మార్చడానికి ఆ ఇంటావిడను ఒప్పించడానికి మూడు నెలలు, రెండు చీరలు పట్టాయి.

తాగవచ్చా

పుణ్యగిరి కొండ మీద ధార కింద తల తడుపుకుని, పుక్కిట పట్టి వచ్చిన అలవాటుతో కొండ నీళ్లంటే అమృతమని మనకు నమ్మకం. నా నమ్మకం ఒక చిన్న సీసాతో పోయింది. హైడ్రోజన్ సల్ఫైడ్ సీసా అని అమ్ముతారు. గీత వరకు నీళ్లు పోసి మూత పెట్టి ఒకటి రెండు రోజులు ఇంట్లో ఉంచితే, మల సంబంధమైన కల్మషం ఉన్న నీళ్లు నల్లబడతాయి. ఆగస్టులో నేను నింపిన సీసా తెల్లారేసరికి కాటుకలా ఉంది. మేలో నింపింది మారలేదు. అంటే ఒకే ఊట ఒక కాలంలో మంచిది, ఒక కాలంలో కాదు. పరీక్ష వానాకాలంలో చేయించండి. మంచి రోజు చూసి చేయించే పరీక్షతో ఉపయోగం లేదు.

టీడీఎస్ మీటరు తెచ్చి, 90 వచ్చిందని మురిసిపోయేవాళ్లు ఉన్నారు. అది కరిగిన లవణాలను చూపిస్తుంది, క్రిములను చూపించదు. మురుగు కలిసిన వాన నీటికీ 90 రావచ్చు. సరైన పరీక్ష గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలలో జరుగుతుంది. వాళ్లు ఇచ్చే శుభ్రమైన సీసాలోనే పట్టి, ఐసు పెట్టి, అదే రోజు అందించాలి. కాగితం వచ్చాక మూడు అంకెలు చూడండి: ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము మించకపోవడం మంచిది, 1.5 దాటితే తాగకూడదు. నైట్రేటు 45 దాటకూడదు. మలం నుంచి వచ్చే ఈ.కోలి అనే క్రిమి 100 మిల్లీలీటర్లలో ఒక్కటి కూడా ఉండకూడదు.

మేము తాగడానికి మరిగించే వాడతాం. కుతకుతలాడుతూ ఒక నిమిషం మరిగితే చాలు. మిగతా వాడకానికి డాబా మీది ట్యాంకులో బ్లీచింగు వేస్తాం. వెయ్యి లీటర్లకు సుమారు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగు పొడి. పొడిని నేరుగా చల్లకండి. కొద్ది నీళ్లలో ముద్దలా కలిపి, మరిన్ని నీళ్లు పోసి, సున్నం అడుగుకు దిగాక పైతేట మాత్రమే ట్యాంకులో పోసి, గంట ఆగి వాడండి. ఊట గదిలో వేయడం దండగ. అక్కడ నీళ్లు నిలవవు, మందు పొర్లు గొట్టంలోంచి చేలోకి పోతుంది. బ్లీచింగుకు క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడు, నైట్రేటు పోవని గుర్తుంచుకోవాలి.

వదలడం ఎక్కడికి

మా నీళ్లు మొదట దిగువ చేను మీదికి వదిలాం. ఆ రైతు వరసకు నాకు తమ్ముడు. వంగ తోటలో నీళ్లు నిలిచి మొక్కలు వడలిపోతే వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. "అక్కా, నీ ఇల్లు ఆరబెట్టుకోవడానికి నా చేను తడపాలా?" అన్నాడు. మా ఆయన చట్టం తీశారు. 1882 నాటి సౌలభ్య హక్కుల చట్టం ఏడో సెక్షను ఉదాహరణల్లో, ఎగువ భూమిలో సహజంగా పుట్టి, నిర్ణీత కాలువ లేకుండా పారే నీటిని దిగువ భూమి యజమాని పారనివ్వాలని ఉంది. అది నిజమే. కానీ అందులో ఉన్నది సహజంగా పారే నీటి మాట. మేము చేసింది నేలంతా పరుచుకుని ఊరే నీటిని పైపులో పోగుచేసి ఒకే చోట గుమ్మరించడం. ఆ చట్టం చంకన పెట్టుకుని కోర్టుకు వెళ్తే మా పైపే మాకు ఎదురు సాక్షి.

సచివాలయంలో గ్రామ సర్వేయరు దగ్గర పొలాల కొలతల పటం (ఎఫ్ఎంబీ) చూస్తే మా సరిహద్దుకు 140 అడుగుల దూరంలో గెడ్డ పోరంబోకు, అంటే వాగు పారే ప్రభుత్వ భూమి ఉంది. తమ్ముడి గట్టు వెంబడి పైపు వేసుకుని నీళ్లను గెడ్డలో కలిపాం. పోరంబోకులో ఏదీ కట్టలేదు, తవ్వలేదు, పైపు మూతి దగ్గర నేల కోసుకుపోకుండా నాలుగు బండరాళ్లు మాత్రం వేశాం. అది కూడా పంచాయతీకి ఒక అర్జీ పెట్టి. తమ్ముడి చేను మధ్యలో ఒక వాల్వు పెట్టాం. డిసెంబరు నుంచి జూన్ దాకా నీళ్లు అతనివి, వానాకాలం గెడ్డవి. దీన్ని తెల్లకాగితం మీద రాసుకుని ఇద్దరం సంతకాలు చేశాం. బంధుత్వం ఉన్నచోట కాగితం ఇంకా అవసరం.

ఊట చిక్కింది కదా అని దాని పక్కనే బోరు వేయాలనిపిస్తుంది. నీరు, నేల, చెట్ల రక్షణకు చేసిన వాల్టా చట్టం కింద బోరుకు ముందుగా అనుమతి తీసుకోవాలి. ఊరి తాగునీటి బావికో బోరుకో 250 మీటర్లలోపు అయితే అది మరీ కష్టం. అనుమతి వచ్చినా నేను వేయించను. ఆ బోరు ఊటనే తాగేస్తుంది.

దోమల సంగతి ఒక్క ముక్కలో: పారే నీళ్లలో కాదు, పొర్లు గొట్టం కింద నిలిచిన గుంటలో, అరటి బోదెల మధ్య పుడతాయి. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పదిరోజులు, కాబట్టి ప్రతి శుక్రవారం ఆ గుంటలు పారబోస్తే చాలు. దోమ పిల్లలను తినే గంబూసియా చేపలను తొట్టిలో వేసుకోవచ్చు గానీ గెడ్డలోకి వదలకండి, మన చేపల గుడ్లూ పిల్లలూ మిగలవు.

ఏడాది పని ఇంతే. మేలో కొలత, గది కడగడం, పైపులో వేళ్లు లాగడం. జూన్ మొదటి వానకు ముందు పై కాలువలో ఆకులు తీయడం. ఆగస్టులో సీసా పరీక్ష. తుపాను హెచ్చరిక వచ్చిన రోజు పొర్లు గొట్టం జాలీ విప్పేయడం, ఎందుకంటే ఆ రాత్రి అది చెత్తతో మూసుకుపోతే చూడటానికి ఎవరూ బయటికి వెళ్లలేరు. విప్పిన జాలీని నేను వంటింట్లో గ్యాసు బండ పక్కన మేకుకు తగిలిస్తాను.